పాత ఆట కొత్త పెట్టెలో ఆడాలంటే

మా పక్కింటి తేజస్వినికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వీడియో గేముల కంపెనీ. పాత గేములు కొత్త కన్సోల్ మీద సరిగ్గా ఆడుతున్నాయో లేదో చూసి, తప్పులుంటే పట్టుకోవడం ఆ అమ్మాయి పని. స్వీట్లు ఇవ్వడానికి వచ్చి, "ఆంటీ, మీరూ ఇలాంటి పనే చేశారని అమ్మ చెప్పింది. ఎలా ఉంటుందండీ?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో వాళ్ళమ్మ గోడవతల నుంచి కేకేసింది. ఆ పూటకి ఆపేశాను. కానీ చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. అందుకే రాస్తున్నాను.

నేను చేసింది కంపెనీ ఉద్యోగం కాదు, రిపేరు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి విజయవాడ వన్‌టౌన్‌లో ఒక సర్వీసు సెంటర్‌లో చేరాను, అక్కడే రిటైరయ్యాను. మొదట టీవీలు, తర్వాత వీసీఆర్లు, ఆ తర్వాత గేము కన్సోళ్ళు. మా దగ్గర వాటిని అందరూ పెట్టెలనే అనేవాళ్ళు. నాకూ అదే అలవాటు. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళు నన్ను చూసి, "మెకానిక్ లేడామ్మా?" అనేవాళ్ళు. "లేడండీ, ఉంది" అనేదాన్ని. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు పెట్టె చంకలో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళలో సగంమంది వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేవాళ్ళు, ఈసారి పెట్టె ఇంకాస్త చెడిపోయి ఉండేది.

అన్నీ ఆడతాయండీ

రెండో తరం పెట్టె మార్కెట్లోకి వచ్చినప్పుడు సేల్స్‌మెన్ల నోట ఒకటే మాట. "పాతవి కూడా అన్నీ ఆడతాయండీ." అబద్ధమని అనలేను. చేసినవాళ్ళు నిజంగానే శ్రద్ధగా చేశారు. కొత్త పెట్టె లోపల పాత పెట్టె మెదడుని కూడా పెట్టారు. పాత డిస్కు వేస్తే కొత్త మెదడు పక్కకి తప్పుకుని పాతదానికి చోటిస్తుంది. మొదటిసారి విప్పి చూసినప్పుడు నాకు ముచ్చటేసింది. ఇంత ఆలోచించిన మనిషెవరో ఒకసారి చూడాలనిపించింది.

అయితే ఆ మనిషి బెజవాడ ఎప్పుడూ రాలేదు. మన ఊళ్ళో పాత పెట్టెల్లో దాదాపు అన్నిటికీ లోపల ఒక చిప్పు వేయించి ఉండేది. ఆ చిప్పుంటే కాపీ డిస్కులు కూడా ఆడతాయి. డిస్కులు ఫుట్‌పాత్‌ల మీద, క్యాసెట్ల షాపుల్లో, ప్లాస్టిక్ కవర్లలో దొరికేవి. పైన బొమ్మ రంగు జిరాక్సు. అవి కాపీలని కొన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. షాపులో కొన్నాం కాబట్టి ఒరిజినలే అనుకునేవాళ్ళు. కొత్త పెట్టెకి ఆ చిప్పు లేదు, అది కాపీ డిస్కుని మొహం మీదే కాదంటుంది. ఫలితం ఏమిటంటే, మన ఊరి లెక్కలో 'పాతవి అన్నీ' అంటే ఏవో, సరిగ్గా అవే కొత్త పెట్టెలో ఆడవు.

ఆ సంవత్సరం మా కౌంటర్ దగ్గర గొడవలే గొడవలు. ఒక పెద్దాయన సంచీ నిండా డిస్కులు తెచ్చి నా ముందు కుమ్మరించాడు. సంగతి వివరించి చెబితే మొహం ఎర్రగా చేసుకుని, "అయితే ఇన్నాళ్ళూ మావాడు దొంగ ఆటలాడాడంటారా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ ఆయనకి నిజంగానే మనసు నొచ్చింది. పిల్లాడికి మంచివే కొనిచ్చాననుకున్నాడు మరి.

తేజూ, నీకు మొదట చెప్పదలుచుకున్నది ఇదే. నీ ఆఫీసులో బీరువా నిండా శుభ్రమైన ఒరిజినల్ డిస్కులుంటాయి. జనం ఇళ్ళలో గీతలు పడ్డవి, కాపీ కొట్టినవి, దుబాయ్ నుంచి చుట్టాలు తెచ్చినవి ఉంటాయి. బీరువాలో ఉన్నది ఆడినంత మాత్రాన ఆట ఆడినట్టు కాదు.

ముందు ఆడించు, తర్వాత విప్పు

మా ఓనరు బషీర్ గారు. వాళ్ళ నాన్నగారు రేడియోలు బాగుచేసేవారట. బషీర్ గారికి గేములంటే బొత్తిగా ఆసక్తి లేదు, అవి చూస్తే కళ్ళు తిరుగుతాయనేవారు. కోపిష్టి. టీ చల్లారితే కోపం, స్క్రూ కింద పడితే కోపం. కానీ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. అది నేను వేరే ఏ షాపులోనూ చూడలేదు.

పెట్టె బల్ల మీదకి రాగానే మేము విప్పకూడదు. తెచ్చినవాళ్ళనే కుర్చీలో కూర్చోబెట్టి, టీవీకి కలిపి, ఇంట్లో ఎలా ఆడతారో అలా ఆడమనాలి. ఆడేది పిల్లాడైతే పిల్లాణ్ణే తీసుకురమ్మనాలి. మేము పక్కన నిలబడి చూడాలి, మాట్లాడకూడదు. ఇదంతా కాలయాపనని నేను మొదట్లో సణిగేదాన్ని. పెట్టె పాడైతే పెట్టెని కదా చూడాలి, మనిషినెందుకు చూడటమని.

ఒకసారి ఒకబ్బాయి వచ్చి పెట్టెని తలకిందులుగా పెట్టి ఆన్ చేశాడు. ఎందుకలా అంటే, మామూలుగా పెడితే డిస్కు చదవదు, బోర్లా పెడితే చదువుతుందన్నాడు. ఆ కన్సోల్‌లో లెన్సు నడిచే పట్టా అరిగి ఒకవైపుకి వాలిపోతుంది. బోర్లిస్తే మళ్ళీ దారిలోకొస్తుంది. మేము విప్పి వెతికితే పూట పట్టేది. అతను ఆన్ చేసిన తీరులోనే జబ్బు కనపడింది. అప్పట్నుంచి సణగడం మానేశాను.

పామర్రు టీచర్ గారు

సుగుణ టీచర్ గారు పామర్రులో హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఆవిడ కొడుకు కిరణ్. అప్పటికి పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ళుంటాయి. ఆటిజం. మాటలు చాలా తక్కువ. కొత్త మనుషులు, కొత్త చోట్లు పడవు. వాడి ప్రపంచంలో గట్టిగా నిలబడ్డది ఒక గేము. కొండదారుల్లో లారీ నడుపుతూ సరుకు చేరవేసే ఆట. చిన్నప్పుడు కొనిచ్చిన మొదటి తరం పెట్టెలో అదే ఆట రోజూ మధ్యాహ్నం ఆడతాడు. ఇంకో ఆట వేస్తే తీసేస్తాడు.

ఆ పెట్టె లెన్సు అరిగిపోయి చివరికి ఆగిపోయింది. ఆ మోడల్‌కి లెన్సులు రావడం అప్పటికే ఆగిపోయింది. ఊరంతా గాలించి చేతులెత్తేశాను. వాళ్ళాయన ఒక షాపుకి వెళ్ళి, 'అన్నీ ఆడతాయండీ' అన్న మాట నమ్మి రెండో తరం పెట్టె కొన్నారు. లారీ డిస్కు వేస్తే అది కాదంది. మామూలే, కాపీ డిస్కు. టీచర్ గారు బస్సెక్కి నా దగ్గరకొచ్చారు. కిరణ్ రాడు, బస్సులో జనాన్ని చూస్తే చెవులు మూసుకుంటాడు.

ఒరిజినల్ డిస్కు కోసం తెలిసినవాళ్ళందరినీ అడిగితే, గుంటూరులో పాత కస్టమరొకాయన దగ్గర దొరికింది. పాత పెట్టెలో మెమరీ కార్డు తీసి కొత్తదానికి పెడితే కిరణ్ చేరుకున్న కొండ దాకా అంతా అలాగే ఉంది. నేను స్వయంగా ఆడి చూశాను. ఎక్కడా ఆగలేదు, బొమ్మ చెదరలేదు. టీచర్ గారికి అప్పజెబుతూ, "లోడింగ్ కూడా బాగా తగ్గిందండీ, కొండకీ కొండకీ మధ్య కాచుకోనక్కర్లేదు, చకచకా వస్తోంది" అని గొప్పగా చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

కొన్ని రోజులకి ఫోన్ చేశారు. ఆట ఆడుతున్నాడుట. కానీ అన్నం తినడం లేదుట.

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ చెప్పుకుంటూ పోయారు. పాలు తాగుతున్నాడు, పొద్దున ఒక ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం అన్నం మాత్రం ముద్ద దగ్గరకి తీసుకెళ్తే చెయ్యి తోసేస్తున్నాడు. వాడు సరిగ్గా తినేదే ఆ పూట. నీరసపడితే నర్సింగ్ హోమ్‌లో సెలైన్ పెట్టించారు, సూది పీకేసుకున్నాడు. బలవంతంగా తినిపించాల్సి వస్తుందని డాక్టరు అన్నాడుట. కొత్త పెట్టె వాడికి నచ్చలేదు, దాని మీద అలిగాడు, ఎలాగైనా పాతది బాగుచేయమని ఆవిడ బతిమాలారు. అవతల నుంచి ఆ గొంతు వింటుంటే నా ప్రాణం ఉసూరుమంది. పాతది బాగయ్యేది కాదని నాకు తెలుసు.

బషీర్ గారికి చెప్పాను. ఆయన సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి ఒకటే అడిగారు.

"ఆ అబ్బాయి ఆడుతుంటే చూశావా?"

"నేను ఆడానండీ. బాగా నడిచింది."

"నువ్వాడితే నడిచింది సరే. అతనాడితే చూడలేదు కదా. రాలేని కస్టమరైతే మనమే పోవాలమ్మా. రేపు పామర్రు వెళ్ళిరా. భోజనం టైముకి ఉండు."

టీవీ పక్కన పీట

బస్సు ఉయ్యూరు దాటాక ఊడ్పులు జరుగుతున్నాయి. నాకు పొలాలు చూసే మనసు లేదు. సంచీలో టెస్టర్, రెండు స్క్రూడ్రైవర్లు, చెడిపోయిన వేరే పెట్టెల నుంచి పీకిన లెన్సులు. ఏది పనికొస్తుందో తెలియక అన్నీ వేసుకున్నాను.

కిరణ్ నన్ను చూసి గోడవైపు తిరిగాడు. నేను మాట్లాడకుండా గుమ్మం దగ్గర కూర్చున్నాను, షాపులో అలవాటే కదా. కాసేపటికి నన్ను మర్చిపోయి కంట్రోలర్ అందుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కానీ ఆడటం మాత్రం ఎంత బాగా ఆడుతున్నాడో. వాడు అలిగిన మనిషిలా లేడు. కొత్త పెట్టె మీద ఏ కోపమూ కనపడలేదు. అదే నన్ను మొదట ఆలోచనలో పడేసింది.

టీచర్ గారు కంచంలో పప్పు అన్నం కలుపుకుని వచ్చి టీవీ పక్కన పీట మీద కూర్చున్నారు. చిన్నప్పట్నుంచి అంతేనట. వాడి రెండు చేతులూ కంట్రోలర్ మీద ఉంటాయి, ఆవిడ ముద్దలు పెడతారు. ముద్ద చేసి నోటి దగ్గరకి తీసుకెళ్ళారు. లారీ మలుపు తిరుగుతోంది. వాడు తల పక్కకి తిప్పాడు. మళ్ళీ పెట్టబోతే మోచేత్తో తోశాడు. మెతుకులు చాప మీద పడ్డాయి. ఆవిడ వంగి ఏరసాగారు.

ఇంతలో కొండ అయిపోయింది. తెర నల్లబడి, మధ్యలో లారీ చక్రం బొమ్మ తిరిగింది. అది లోడింగ్ గుర్తు. చక్రం కనపడగానే కిరణ్ నోరు తెరిచాడు.

ఆవిడ కిందకి వంగి ఉన్నారు, చూడలేదు. తలెత్తేసరికి చక్రం పోయింది, కొత్త కొండ వచ్చింది, వాడు నోరు మూసేశాడు. ఇంకో కొండ దాకా ఆగి చూశాను. మళ్ళీ అంతే. చక్రం వస్తే నోరు తెరుస్తున్నాడు, ముద్ద లేచేలోపు చక్రం మాయమవుతోంది, నోరు మూసుకుపోతోంది.

వాడు అన్నం మానలేదు. అన్నం కోసం ప్రతిసారీ నోరు తెరుస్తూనే ఉన్నాడు. పాత పెట్టె లెన్సు అరిగే కొద్దీ చక్రం ఇంకా ఇంకా ఎక్కువసేపు తిరిగేది. ఆ సందులోనే ఇన్నేళ్ళూ తల్లి ముద్ద పెట్టింది, వాడు తిన్నాడు. చకచకా వస్తోందని నేను సంబరంగా చెప్పిన లోడింగ్ వాడి భోజనం వేళ.

చెబితే టీచర్ గారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"నాకు వీలైనప్పుడు పెడుతున్నాననే అనుకున్నానమ్మా. వాడికి వీలైనప్పుడు పెడుతున్నానని ఇప్పుడు తెలిసింది."

నిదానం

ఆ పెట్టె మెనూలో లోపలెక్కడో పాత డిస్కుల కోసం ఒక సెట్టింగు ఉంది. డిస్కు ఎంత వేగంగా చదవాలన్నది. మామూలుగా ఫాస్ట్ మీద ఉంటుంది, స్లో కూడా పెట్టుకోవచ్చు. వేగం ఎక్కువైతే కొన్ని పాత ఆటలు తడబడతాయని, చేసిన మహానుభావుడెవరో ముందుజాగ్రత్తగా పెట్టి ఉంటాడు. మా బల్ల దగ్గర దాన్ని ఎవరం ముట్టుకునేవాళ్ళం కాదు. కావాలని నెమ్మదిగా నడిపించమనే కస్టమర్ ఎవరుంటారు?

స్లో పెట్టాను. పాత పెట్టె అంత కాదు కానీ, చక్రం ఒక ముద్దకి సరిపడా తిరిగింది. టీచర్ గారు ఈసారి ముద్ద ముందే పట్టుకుని కూర్చున్నారు. చక్రం వచ్చింది, నోరు తెరుచుకుంది, ముద్ద లోపలికెళ్ళింది. వాడు నమిలాడు. అంతే. ఇంకో కొండ, ఇంకో ముద్ద. ఆవిడ ఎడమచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు, కుడిచేత్తో పెడుతూనే ఉన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. నా కళ్ళు చూసి వాడు బెదురుతాడేమోనని.

ఒక చిక్కుంది. పెట్టె ఆపితే ఆ సెట్టింగు మర్చిపోతుంది. రోజూ మళ్ళీ పెట్టుకోవాలి. టీచర్ గారికి ఏ బటన్ తర్వాత ఏ బటనో చేయించి చూపించాను. స్కూలు నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా ముందు అది పెట్టి, తర్వాత అన్నం కలిపేవారట. రిటైరయ్యేదాకా అలాగే చేశారు.

తిరిగొచ్చి బషీర్ గారికి చెబితే "ఊఁ" అన్నారు. ఆయన మెచ్చుకోలు అంతే. తర్వాత టీ తెప్పించారు, అది చల్లారిపోయినా ఆ రోజు కోప్పడలేదు.

నువ్వు చేరేముందు

తేజూ, మీ ఆఫీసులో పాత గేము కొత్త మెషీన్‌లో ఇంకా వేగంగా, ఇంకా నున్నగా కనపడితే అందరూ చప్పట్లు కొడతారు. కొట్టనీ. కానీ పాతదాని నత్తనడక చుట్టూ జనం ఏదో ఒక ఇల్లు కట్టుకుని ఉంటారు. ఎవరో ఆ లోడింగ్ సందులో తమ్ముడికి కంట్రోలర్ ఇస్తారు, ఎవరో పొయ్యి కట్టేసి వస్తారు. నువ్వు తప్పని తీసేసేది ఎవరికో ఆసరా అయి ఉండొచ్చు. తీయవద్దని అనను. తీసేముందు ఎవరైనా ఆడుతుంటే పక్కన నిలబడి చూడు. మాట్లాడకుండా చూడు.

చేసినవాళ్ళలోనూ రెండు రకాలుంటారు. పాతవి ఆడకపోతే మళ్ళీ కొనుక్కుంటారులే అనుకునేవాళ్ళు ఒక రకం. వాళ్ళని నేను గౌరవించలేను. అవసరమొస్తే స్లో పెట్టుకోనీ అని మెనూలో మూలన ఒక వరుస చేర్చినవాడు రెండో రకం. వాడికి పామర్రు ఎక్కడుందో తెలియదు. అయినా ఒక ఇంట్లో పొయ్యి మీద వండింది వృథా పోకుండా చూశాడు.

మొన్న

బషీర్ గారు పోయారు, సెంటర్ మూతపడింది. పోయిన వేసవిలో టీచర్ గారు ఫోన్ చేశారు. రెండో తరం పెట్టె కూడా ఆగిపోయిందిట. వాళ్ళాయన ఇప్పటి పెట్టె కొన్నారు. లారీ గేముని కంపెనీ వాళ్ళే కొత్తదానికి తగ్గట్టు మళ్ళీ విడుదల చేశారు. వాడు ఆడుతున్నాడు, ఒకసారి రమ్మన్నారు.

ఇప్పటి పెట్టెల్లో చాలావాటికి డిస్కే లేదు, స్లో అన్న సెట్టింగే లేదు. చక్రం రెప్పపాటు కూడా తిరగదు. అయినా పాత సంచీ దులిపి, పాడైన పెట్టెల లెన్సులు, వైర్లు అన్నీ వేసుకుని బయల్దేరాను.

కిరణ్ జుట్టులో అక్కడక్కడా తెలుపు వచ్చింది. నన్ను చూసి గోడవైపు తిరగలేదు. గుమ్మం దగ్గర నా పాత చోటుని వేలితో చూపించి మళ్ళీ ఆటలో పడ్డాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు. టీచర్ గారికి మోకాళ్ళు పోయాయి. కంచం పట్టుకుని, గోడ ఆసరాతో ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తున్నారు. కొండ అయిపోయింది. చక్రం ఇలా మెరిసి అలా పోయింది. కొత్త కొండ మీద లారీ సిద్ధంగా నిలబడింది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఇంజను చప్పుడు వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, కిరణ్ ఆట ఆపి ఉన్నాడు. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, వంటింటి వైపు తిరిగి, అమ్మ నడిచి వస్తున్న దారి చూస్తున్నాడు. ఆవిడ ఇంకా గది మధ్యలోనే ఉన్నారు. తెర మీద లారీ కదలడం లేదు, వాడూ కదలడం లేదు. ఇది వాడికి ఎవరూ నేర్పలేదుట. చక్రం అమ్మ కోసం ఆగడం మానేశాక వాడే ఆగడం మొదలుపెట్టాడుట.

నేను లేచి కంచం అందుకోబోయాను. టీచర్ గారు వద్దన్నట్టు తలూపారు.

"నువ్వు కూర్చోమ్మా. తొందరేం లేదు. వాడు ఆగుతాడు."